గోడ దాకా

మొన్న సోలాపూర్ కొంతం చౌక్‌లో సీతాఫలాలు అమ్మే ఆమె మమ్మల్ని చూసి, పండొకటి పైకెత్తి, "గోడ్ ఆహే, గోడ్!" అని అరిచింది. తియ్యగున్నాయి, తీసుకోండి అని. రోజుకు వెయ్యిసార్లు అరిచే మాటే అది. నేనూ నా భార్యా ఒకరి మొహం ఒకరం చూసుకుని ఫక్కుమన్నాం. ఆమెకు కోపమొచ్చింది. ఇందులో నవ్వడానికేముంది, పండు విప్పి చూపించనా అని మరాఠీలో గదమాయించింది. ఏం చెప్పాలి ఆమెకు? ఆ ఒక్క మాట అర్థం కాక ఒకప్పుడు పదిహేను రోజులు రాయి మోసి చచ్చానమ్మా అంటే నమ్ముతుందా? రెండు కిలోలు తూయించుకుని నడిచాం. నాలుగు అడుగులు వేశాక నా భార్య నవ్వు ఆపేసి, "కాక యాదికొచ్చిండు" అంది. నాకు అప్పటికే వచ్చేశాడు.

కాక అంటే మాకు చిన్నాయన. మరాఠీ వాళ్ళకూ కాకా అంటే చిన్నాయనే. అందుకని మేముండే భవాని పేట్‌లో ఆయన రెండు భాషలకూ చిన్నాయనై కూర్చున్నాడు. అసలు పేరు రేషన్ కార్డులో ఉండే ఉంటుంది. నేను ఇక్కడ రాయను. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే వేరెవరినో పిలుస్తున్నారనుకుని ముందుకు నడిచిపోయే మనిషి.

మా గల్లీ చివర తాలీం, అంటే కుస్తీలకు కసరత్తు చేసే చోటు, ఉండేది. రేకుల కప్పు, మధ్యలో ఎర్రమట్టి గుంట, ఒక మూల మారుతి విగ్రహం, గోడవారగా తిప్పడానికి నాలుగు చెక్క ముద్గర్లు, మూడు గుండ్రాళ్ళు. అంతే. ఆ మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి కాళ్ళతో తొక్కేవాళ్ళు. పొద్దున్నే తలుపు తీయగానే ఆ వాసన చల్లగా వచ్చి మొహాన్ని తాకేది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ వాసన నాకు కలలో కనబడుతుంది. వాసన కనబడటమేమిటని అడక్కండి. కలలో అన్నీ కనబడతాయి.

ఆ గుంట ఒడ్డున, బోర్లించిన నూనె డబ్బా మీద కాక కూర్చునేవాడు. చూస్తే వస్తాదు అనిపించడు. పొట్టి మనిషి. ఎడమ చెవి నలిగిన కాగితంలా ముడుచుకుని ఉండేది. ఏ కుస్తీలో నలిగిందని ఎవరడిగినా "చిన్నప్పుడు మా అవ్వ మెలేసింది" అనేవాడు. భుజాన మా ఊరి తువ్వాల ఉండేది. ఆ తువ్వాలతో చెమట తుడుచుకోగా నేనెప్పుడూ చూడలేదు. దాని కొస వేలికి చుట్టి విప్పుతూ, చుట్టి విప్పుతూ, ఎదుటివాడి మొహంలోకి చూస్తూ ఉండేవాడు. కండలు చూడడు, ఛాతీ చూడడు. మొహమే చూస్తాడు. దండీలు తీసేవాడి ముందు కిందికి వంగి మరీ, "మొకం చూపియ్యి" అనేవాడు. పళ్ళు కొరుకుతూ కనబడ్డాడంటే అరచేత్తో దవడ నిమిరేవాడు. "ఎవని మీద కోపం రా? నేల నిన్నేమన్నది?"

ఆయనకు లెక్క అంటే గిట్టదు. బస్కీలు తీస్తూ ఎవడైనా ఒకటి, రెండు, మూడు అని పైకి అన్నాడా, గుప్పెడు ఎర్రమట్టి వచ్చి వాడి వీపు మీద పడేది. "బట్ట మీటర్లు కార్ఖానల లెక్కపెట్టుకో. ఈడ పెయ్యిని అడుగు" అనేవాడు. పెయ్యి అంటే ఒళ్ళు. దాన్ని అడిగితే అది నిజమే చెబుతుందని ఆయన నమ్మకం.

మూడు గుండ్లకూ ఆయనే పేర్లు పెట్టాడు. అన్నిటికన్నా పెద్దది అత్త. నడిమిది అక్క. చిన్నది, పుచ్చకాయంత ఉంటుంది, చెల్లె. "అత్తను మోసుడు అందరితోని కాదు. అక్కను బతిలాడుకోవాలె. చెల్లెతోని తకరారే లేదు" అని నవ్వేవాడు. ఎవడు ఎంత బరువెత్తినా సరే, ఇంటికి పోయేముందు చెల్లెను ఒక్కసారి ఎత్తుకుని దించాల్సిందే. అప్పటికి చేతులు అలవాటు పడి ఉంటాయి కాబట్టి అది పసిపిల్లలా పైకి లేచేది. ఎందుకు కాకా, ఇంత బరువెత్తినోళ్ళం దాన్నెందుకు ఎత్తాలె అని ఒకడు అడిగాడు. "ఏ రుచితోని ఇంటికి పోతవో, రేపు ఆ రుచి కోసమే వస్తవ్. అత్తతోని కొట్లాడి పోతే రేపు వస్తవారా?" అన్నాడు.

ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. మొదట్లో నాకు అర్థమైంది వేరు.

నాది సిరిసిల్ల. పెళ్ళయ్యాక ఇల్లరికం వచ్చాను సోలాపూర్‌కు. నా భార్య ఇక్కడే పుట్టింది, ఇక్కడే బీడీలు చుట్టడం నేర్చింది. వాళ్ళ తమ్ముడు, అంటే నా బామ్మర్ది, పనిచేసే కార్ఖానాలోనే నన్నూ పెట్టించారు. మాకు కార్ఖానాలో తెలుగు, గల్లీలో తెలుగు, గుళ్ళో తెలుగు. బజారు పని నా భార్యది. ఈ ఊళ్ళో మరాఠీ ముక్క రాకుండా ఏడాది గడిపేయొచ్చు, నేను గడిపాను. ఆ తర్వాత నాకు పచ్చకామెర్లు వచ్చాయి. రెండు నెలలు మంచం మీద ఉన్నాను. లేచేసరికి నా చేతులు నావి కావు. చొక్కా చేతుల్లో ఎవరివో రెండు కర్రలు వేలాడుతున్నట్టుండేవి.

సాంచెల మీద, అదే పవర్‌లూమ్‌ల మీద, పని తెలిసినవాళ్ళకు బీము సంగతి తెలుసు. పడుగు దారమంతా చుట్టిన పెద్ద దూలం అది. పాతది అయిపోగానే కొత్తదాన్ని ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని, సాంచెల మధ్య ఇరుకు దారిలోంచి తెచ్చి ఎక్కించాలి. ముందు నేను, వెనక బామ్మర్ది. లేచి పనిలోకి వచ్చిన వారానికే కొత్త బీము వచ్చింది. సగం దారిలో నా మోకాలు మడతపడింది. బీము జారి బామ్మర్ది కాలి మీద పడింది. బొటనవేలు నుజ్జయింది. వాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక తిట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. పెదవి కొరుక్కుని నావైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

సేటు మావాడే. మంచిగానే చెప్పాడు. "రాఖీ పున్నమ దాకా చూస్త. ఆ తర్వాత బీము ఎత్తుడు నీతోని కాకుంటె, కండెల కాడ కూసో. తప్పేమున్నది?" నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది కార్ఖానా మూలన కూర్చునే ముసలమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. తప్పేమీ లేదు. ఆ మాట ఇప్పుడు అనగలను. అప్పుడు మాత్రం తల తీసేసినట్టయింది. పాతికేళ్ళ మనిషిని, నేత తప్ప వేరే ఏమీ రానివాణ్ణి, నా సాంచెల మీదికి ఇంకెవడో వస్తే నేను ఈ మూల కూర్చుని వాడికి కండెలు చుట్టి అందివ్వాలి. పున్నమకు మూడు నెలలుంది. మర్నాడు తెల్లారకముందే తాలీం తలుపు తట్టాను.

కాక నా మొహం చూశాడు. కామెర్లా అన్నాడు. అవునన్నాను. మొదట చెల్లెను, తర్వాత అక్కను చేతుల్లో పెట్టి చూశాడు. అక్క దగ్గర ఆగాడు.

"దీన్ని ఎత్తుకొని నడువు బిడ్డా. గోడ్ దాకా నడువు. ఆడ దించు. గోడ్ దాటి పోవద్దు."

పక్క కార్ఖానాలో సాంచెలు అప్పటికే మొదలయ్యాయి. ఆ ఖటఖటల మధ్య నాకు వినబడింది ఇది: గోడ దాకా నడువు, గోడ దాటి పోవద్దు. తాలీం వెనక పొడుగాటి దొడ్డి ఉంది. దాని చివర నల్లరాతి గోడ. గోడకు అవతలే ఆ కార్ఖానా. గోడను ఎవడు దాటుతాడు? కాక పరాచికమాడుతున్నాడనుకుని మర్యాదకు నవ్వాను కూడా.

అక్కను పొట్టకు అదుముకుని బయల్దేరాను. పది అడుగులకు చేతులు లాగాయి. ఇరవైకి కళ్ళముందు పసుపుపచ్చ చుక్కలు. గోడ దగ్గరికి చేరేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. రాయి దించి నుదురు గోడకు ఆనించాను. అవతల ఆడుతున్న సాంచెలతో గోడ కూడా సన్నగా వణుకుతోంది. నేను వణుకుతున్నానా, గోడ వణుకుతోందా తెలియలేదు. తిరిగి వచ్చాక కాక అడిగాడు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది కాకా."

అది అబద్ధం. కొత్త ఊళ్ళో, కొత్త తాలీంలో, ఇల్లరికపు అల్లుడు ఇంకేం చెబుతాడు?

అలా రోజుకు మూడుసార్లు, గోడ దాకా. మిగతావాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది. ఒకడు దొడ్డి సగంలోనే దించేసేవాడు. ఇంకొకడు ఇంకో పది అడుగులు వేసి దించి, నవ్వుకుంటూ వచ్చేసేవాడు. ఒక్కడూ గోడ దాకా పోయినవాడు లేడు. కాక వాళ్ళను ఏమీ అనడు. పైగా "శాబాష్" అంటాడు. వీళ్ళందరూ పనిదొంగలు, నేనొక్కణ్ణే బయటివాణ్ణి కాబట్టి నన్ను పరీక్షిస్తున్నాడు అనుకున్నాను. ఒకరోజు నేను తిరిగి వస్తుంటే కాక పక్కవాడితో అంటున్నాడు, "వీనికి గోడ్ శానా దూరం ఉన్నది రా." నాకు గోడ చాలా దూరం, వీడివల్ల ఏమవుతుందిలే అంటున్నాడనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు నాలుగోసారి కూడా మోశాను. పోయేముందు ఎత్తమన్న చెల్లెను కూడా ముట్టుకోకుండా, ఎవరి మొహమూ చూడకుండా, ఇంటిదారి పట్టేవాణ్ణి.

పదిహేను రోజులు గడిచాయి. బలం రాకపోగా, పొద్దున లేవడమంటేనే భయం పట్టుకుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చేది. కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ, ఇవాళ వాన పడితే బాగుండు, తాలీం తాళంచెవి పోతే బాగుండు అనుకుంటూ పడుకునేవాణ్ణి. ఆ గోడ నాకు నిద్రలోకి కూడా వచ్చేది. ఎంత నడిచినా అంతే దూరంలో, సన్నగా వణుకుతూ నిలబడి ఉండేది. పనిలో వేళ్ళు తడబడి, తెగిన పోగు ముడి పడేది కాదు. బామ్మర్ది కుంటుకుంటూ వచ్చి నా సాంచె మీది పోగులు కూడా వాడే ముడేసి పోయేవాడు. పదహారో రోజు నేను లేవలేదు. పదిహేడో రోజు కూడా లేవలేదు. సరే, కండెలే చుట్టుకుందాం, ఎవరేమంటే ఏంటి అని మనసులోనే ఒప్పేసుకున్నాను.

మూడో రోజు సాయంత్రం కాక మా ఇంటికి వచ్చాడు. నా భార్య గడప పక్కన ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. లేవబోతే వద్దని, ఆయన గడప మీదే కూర్చున్నాడు.

"ఏమైంది బిడ్డా? వస్తలేవేంది?"

"నాతోని కాదు కాకా. మాఫ్ చెయ్యి. గోడ దాకా పోవుడు నాతోని కాదు."

"ఏ గోడ?"

"నువ్వు చెప్పిన గోడే. దొడ్ల ఎనుక గోడ. గోడ దాకా మొయ్యమంటివి గద."

కాక తువ్వాల కొస వేలికి చుట్టుకోవడం ఆపేశాడు.  ముందు నా భార్యకు అర్థమైంది. ఈ ఊళ్ళో పుట్టిన మనిషి కదా. చాటలోని తంబాకు చెదిరేలా నవ్వింది. "అయ్యో దేవుడా! గోడ గాదు, గోడ్! గోడ్ అంటె తీపి! తియ్యగున్నంత దాకనే మొయ్యిమన్నడు నిన్ను!"

నాకు భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. దొడ్డి సగంలో రాయి దించేసి నవ్వుకుంటూ వచ్చిన పనిదొంగలందరూ కళ్ళముందు నిలబడ్డారు. నా భార్య ఇంకా నవ్వుతూనే ఉంది. కానీ కాక నవ్వలేదు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"పదిహేను దినాలు నిన్ను గోడకు గుద్దిపిచ్చిన్నా?"

"నీదేమున్నది కాకా, నాకు భాష రాక..."

"భాష రాంది నీకు గాదు, నాకు. నువ్వు గోడ దిక్కు నడుస్తుంటె నీ వీపే కనవడె. వాపస్ వచ్చినంక నోటిని అడిగిన. నోరు మంచిగున్నదన్నది. నేను మొకాన్ని అడగాల్సింది. ఇన్నేండ్లు అందరికి మొకం చూపియ్యి అనుకుంట తిరిగిన, నీ మొకం మాత్రం చూడకపోతిని."

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నా భార్య నవ్వు ఆగిపోయింది. ఒక పెద్దమనిషి మా గడప మీద కూర్చుని, నా విషయంలో తప్పు చేశానని అంతగా బాధపడటం నేను అప్పటిదాకా చూడలేదు. నన్ను కన్నవాళ్ళు కూడా అలా ఎప్పుడూ అనలేదు. 

కాసేపటికి కాక, "బిడ్డా, బెల్లం ముక్క ఉన్నదా?" అని నా భార్యను అడిగాడు. తెస్తే, చిటికెన వేలి గోరంత తుంచి నా నోట్లో పెట్టాడు. "నమలకు. ఉండనియ్యి. ఎట్లున్నది?"

"తియ్యగున్నది."

"ఇంకోటి తినాలనిపిస్తున్నదా?"

"ఆఁ."

"గిప్పుడు లేవాలె. గిదే గోడ్. పది ముక్కలు తింటివనుకో, మొకం మొత్తుతది. రేపు బెల్లం పేరు చెప్తె పారిపోతవ్. ఇప్పుడు పారిపోయినవ్ జూడు, గట్ల." మిగిలిన ముక్క తన నోట్లో వేసుకుని లేచాడు. "రేపు రా. ఈసారి నీ మొకం ఇడిచిపెట్ట."

మర్నాడు ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. అక్కను నా చేతుల్లో పెట్టి, నాకు ఎదురుగా నిలబడ్డాడు. నేను ముందుకు నడుస్తుంటే, ఆయన నా మొహం చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. అరవై దాటిన మనిషి, చెప్పుల్లేని కాళ్ళతో, ఆ రాళ్ళూ గుంతల దొడ్డిలో, వెనకేముందో చూడకుండా. ఒక్కో అడుగుకూ అడిగేవాడు. "ఇప్పుడు?" మంచిగున్నది. "ఇప్పుడు?" మంచిగున్నది. ఆరో అడుగుకు నేను ఇంకా నోరు తెరవనే లేదు, "థాంబ్, ఆగు! దించు!" అన్నాడు. "కనుబొమ్మ ముడి పడ్డది. గోడ్ అయిపోవట్టింది."

ఆరే అడుగులు. దించేశాను. చేతుల్లో సన్నటి వెచ్చదనం. ఊపిరి కొంచెం వేగంగా, కానీ గుండె చెవుల్లోకి రాలేదు. ఇంకా రెండడుగులు వేయగలిగేవాణ్ణే అనిపించింది. పోయేముందు చెల్లెను ఎత్తాను. గాల్లోకి లేచిపోయింది. ఇంటికి పోతున్నంతసేపూ ఆ రెండడుగులే గుర్తొచ్చాయి. సాంచె ముందు నిలబడి కూడా, రేపెప్పుడు తెల్లవారుతుందా అనుకున్నాను. ఆ మాట అనుకుని నాకు నేనే ఆశ్చర్యపోయాను.

ఆ వానాకాలం నాకు ఒక పొడుగాటి పొద్దుటి పూటలా గుర్తుంది. సన్నటి తుంపర. ఎర్రమట్టి వాసన. కార్ఖానాల ఖటఖట దూరంగా, ఊరంతా కలిసి ఏదో జోలపాట పాడుతున్నట్టు. తడి దొడ్డిలో నాకు ఎదురుగా ఒక పొట్టి మనిషి, భుజాన తువ్వాలతో, వెనక్కి వెనక్కి నడుస్తూ. ఇప్పుడు? ఇప్పుడు? ఒక్కోరోజు పది అడుగులు, ఒక్కోరోజు పదహారు. రాత్రి సరిగ్గా నిద్రపోని రోజున నాలుగే. నాలుగంటే నాకు సిగ్గేసేది, ఆయనకు మాత్రం నాలుగైనా నలభై అయినా ఒకటే మొహం. "ఇయ్యాల గోడ్ గింత దగ్గరికొచ్చింది నీకోసం. రేపు దాని ఇష్టం" అనేవాడు. నేనెప్పుడు లెక్క మరిచిపోయానో నాకే తెలియదు.

అలా ఒకరోజు నడుస్తున్నాను. ఇప్పుడు అంటున్నాడు, మంచిగున్నది అంటున్నాను. తుంపర నా రెప్పల మీద పడుతోంది. రాయి ఉందా లేదా అన్నట్టుంది. ఉన్నట్టుండి కాక "హత్!" అని ఆగిపోయాడు. ఆయన వీపు గోడకు తగిలింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ఆ నలిగిన చెవి దాకా నవ్వు పాకింది ఆయనకు. "గోడ్ వచ్చి గోడకు తగిలెరా!" అని అరిచాడు. తాలీంలో ఉన్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. నేను అక్కను దించి, అరచెయ్యి గోడకు ఆనించాను. గోడ వణుకుతోంది, సాంచెలతో. నేను వణకడం లేదు.

రాఖీ పున్నమ నాడు మా నేతగాళ్ళ దేవుడు మార్కండేయుడి రథం ఊరేగింది. ఆ ఒక్కరోజూ ఊళ్ళో సాంచెలన్నీ ఆగిపోతాయి. మర్నాడు కార్ఖానాకు పోయేసరికి కొత్త బీము వచ్చి ఉంది. సేటు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. బామ్మర్ది వెనక కొస పట్టుకున్నాడు. ముందు కొస నా భుజాన ఎక్కించుకుని లేచానో లేదో, చూస్తే ఆ ఇరుకు దారిలో నా ముందర కాక. తాలీంకు కొంచెం వేస్టు నూలు కావాలని వచ్చానంటాడు, ఆ ముచ్చట నమ్మేదెవరు? సాంచెల మోతలో మాట వినబడదు. ఆయన వెనక్కి నడుస్తున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఇప్పుడు? ఇప్పుడు? నేను తల ఊపుతూ నడిచాను. మోకాలు మడతపడ్డ చోటు వచ్చింది, దాటిపోయింది. బీము సాంచె మీద కూర్చుంది.

సేటు చేతులు విప్పుకుని వెళ్ళిపోయాడు. బామ్మర్ది నా వీపు మీద ఒక్క దెబ్బ వేశాడు, ఎముకలు కదిలేలా. ఆ మూడు నెలల్లో వాడు నాతో ఆడిన మొదటి పరాచికం అది. కాక మాత్రం ఇంకా కదలడు. మూలన ముసలమ్మ దగ్గరున్న కండెల గంప వైపు గడ్డంతో చూపించాడు. "చెల్లె?" అన్నాడు పెదవులతోనే.

వెళ్ళి గంప ఎత్తుకున్నాను. ముసలమ్మ అప్పుడే చుట్టిన కండెలు, నా చేతుల్లో ఏమీ లేనంత తేలిగ్గా ఉన్నాయి. మూడు నెలల కింద ఆ గంప పేరు చెబితేనే అన్నం సహించేది కాదు నాకు. దాన్ని తెచ్చి సాంచె పక్కన పెట్టాను. ముసలమ్మ బోసినోటితో నవ్వింది. ఆ పూట నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పడం నావల్ల కాదు.

తర్వాత చాలా ఏళ్ళు తాలీంకు పోతూనే ఉన్నాను. బలం కోసం అంటే అబద్ధం. బాగుంటుంది కాబట్టి పోయేవాణ్ణి. మెల్లగా కుర్రాళ్ళు తగ్గారు. హోట్గి రోడ్డు వైపు అద్దాలు, ఇనప ప్లేట్లు ఉన్న జిమ్ పెట్టారని అటు పోసాగారు. కాక ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని దాన్ని చూడ్డానికి వచ్చాడు. లోపల టేపురికార్డరు మోగుతోంది. ఒక అబ్బాయి బరువెత్తుతుంటే నేర్పేవాడు పక్కనే నిలబడి "ఇంకొకటి! ఇంకొకటి!" అని అరుస్తున్నాడు. కాక కాసేపు అద్దాల్లోకి చూశాడు. బయటికి వచ్చాక, "అద్దాలు మంచిగున్నయ్. గని అందరు కండనే చూస్కుంటున్నరు. ఆ పోరని మొకం ఎవరు చూస్తలేరు" అన్నాడు. మళ్ళీ వెనక్కి పోయి, ఆ నేర్పేవాడి చెవిలో ఏదో చెప్పి వచ్చాడు. ఏం చెప్పావని అడిగితే, "చివరికి చిన్నది ఎత్తిపిచ్చి పంపు అన్న. నవ్విండు" అన్నాడు.

ఆఖరిసారి ఆయన్ని చూసింది ఆయన కూతురింట్లో. మంచం మీద ఉన్నాడు. చేతులు, కామెర్ల తర్వాత నా చేతుల్లా అయిపోయాయి. చలిగా ఉందన్నాడు. మా సోలాపూర్ చద్దర్ సంగతి తెలుసు కదా, మంచి బరువు. దాన్ని పైకి లాక్కోవడానికి రెండు చేతులతో పట్టుకున్నాడు. పొట్ట దాకా వచ్చింది. ఛాతీ దాకా వచ్చింది. నేను ఉండబట్టలేక మెడ దాకా కప్పుదామని చెయ్యి చాపాను. నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఊపిరి తీసుకుంటూ నా మొహంలోకి చూసి నవ్వాడు.

"థాంబ్. గోడ్ ఉన్నది."

నాలుగు రోజులకు పోయాడు. అదీ వానాకాలమే. సన్నటి తుంపరలోనే పాడె లేచింది. ముందు కొస కుడివైపు నేను పట్టాను. దింపుడు కల్లం దగ్గర పాడె కిందికి దించారు. అల్లుడు వంగి, ఆ నలిగిన చెవిలో మూడుసార్లు మామా, మామా, మామా అని పిలిచాడు. పిలుపు వినబడి లేస్తాడేమోనని ఒక ఆశ కదా అది. ఆయన లేవలేదు. మళ్ళీ ఎత్తేటప్పుడు మనుషులు మారారు. బామ్మర్ది వచ్చి, "బావా, అలిసినవ్, ఇటియ్యి" అన్నాడు. ఇవ్వలేదు.

శ్మశానం గోడ కనిపించింది. వానకు తడిసి నల్లగా. నా భుజం నొయ్యడం లేదు. కనుబొమ్మ ముడి పడలేదు. తుంపరలో నా ముందర ఎవరో వెనక్కి వెనక్కి నడుస్తూ, పెదవులు కదుపుతూ పోతున్నట్టే ఉంది. మంచిగున్నది కాకా, మంచిగున్నది కాకా అనుకుంటూ గోడ దాకా నడిచాను. అక్కడ దించాం. అలవాటు కొద్దీ అరచెయ్యి గోడకు ఆనించాను. దాని అవతల సాంచెలు లేవు. గోడ ఊరికే చల్లగా ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది.

బామ్మర్ది నా భుజం మీద చెయ్యి వేశాడు. "బరువైందా బావా?"

"లేదురా," అన్నాను. "చివరికి చెల్లెనే ఇచ్చిండు."